వినియోగదారుల వేదిక: మెరుపు తగ్గిన చక్రం



‘పైన పటారం, లోన లొటారం’ అనే సామెత మనమందరం ఎరిగినదే. అయితే కొన్ని వస్తువుల విషయంలో లోపల గట్టిదనం చెక్కుచెదరకుండానే పైన పటారం చెడిపోతుంది. ఆ పటారానికి కూడా మనం వెల చెల్లించే ఉంటాము. అట్టి సందర్భంలో పైపూతే కదా అని ఊరుకోవాలా, వారంటీ కాగితం చేతపట్టి అడగాలా? ఇటీవల మా పొరుగింట జరిగిన ఒక ఉదంతం ఈ ప్రశ్నకు సమాధానం చెప్పింది.

ఆ ఇంటి పెద్దాయన మన కర్మాగారంలోని తనిఖీ విభాగంలో మూడు దశాబ్దాలు పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నారు. కుమారుడు ఒక ఖరీదైన కారు కొన్నాడు. అందులో తండ్రి దాచుకున్న సొమ్ము కూడా కొంత ఉన్నది. రెండవ వర్షాకాలం గడిచేసరికి అలాయ్ చక్రాల మెరుపు తగ్గి, పైపూత అడుగున తెల్లని దారపు పోగుల వంటి చారలు ప్రాకసాగాయి. మూడు చక్రాలకు ఇదే వరుస. సర్వీస్ సెంటరులో చూపితే, “ఇది బయటి కారణాల వల్ల వచ్చినది, వారంటీ వర్తించదు” అని నోటిమాటగా చెప్పి పంపివేశారు.

ఆ మూడింటిలో ఒక చక్రానికి గీత ఉన్నది. కుమారుడు కారు నిలిపేటప్పుడు రోడ్డు పక్కనున్న సిమెంటు గట్టుకు ఒరుసుకొనగా పడినది. మళ్ళీ చూపించబోయే ముందు కుమారుడు, “నాన్నా, ఆ గీతను పాలిష్ పట్టించేద్దాం. అది కనబడితే మూడింటికీ వంక పెడతారు” అన్నాడు. పెద్దాయన కొంతసేపు మాట్లాడలేదు. తరువాత, “ఒరే, ముప్పై ఏళ్ళు సరుకులో లోపం వెతికి కాగితం మీద రాసినవాణ్ణి. ఈ వయసులో మన లోపాన్ని దాచమంటావా?” అన్నారు. ఆ రాత్రి తండ్రీకొడుకులు ఇద్దరూ ముభావంగానే భోజనం చేశారట.

ఇక్కడ విషయం కొంత వివరించాలి. ఇనుముకు పట్టే తుప్పు ఎర్రనిది, అల్యూమినియం క్షయం తెల్లనిది. అలాయ్ చక్రం అల్యూమినియం మిశ్రమ లోహంతో తయారవుతుంది. దానిపై ప్రైమరు, రంగు, వాటిమీద పారదర్శకమైన క్లియర్ కోటు వేస్తారు. ముఖభాగాన్ని యంత్రంపై చెక్కి మెరుపు తెప్పించిన చక్రాలలో ఆ మెరిసే లోహానికి క్లియర్ కోటే ముఖ్యమైన రక్షణ. వాడి అంచుల వద్ద పూత పలుచబడినా, పూతకు ముందు లోహం సరిగా శుభ్రపడకపోయినా తేమ లోపలికి చేరి దారపు చారల వలె వ్యాపిస్తుంది. ఇది తయారీలోని లోపం. రాయి తగిలి పూత లేచినా, గట్టుకు ఒరిసినా, ఆమ్లం కలిసిన ద్రావకంతో కడిగినా అవే చారలు రావచ్చు. ఇది వాడకంలోని నష్టం. సాధారణంగా వారంటీ మొదటిదానికి వర్తిస్తుంది, రెండవదానికి వర్తించదు. కనుక చార ఎంత పొడవున్నదన్నది ముఖ్యం కాదు, ఎక్కడ మొదలయినదన్నదే ముఖ్యం.

రైలు పట్టాలు మన భిలాయి నుండి బయలుదేరే ముందు అల్ట్రాసోనిక్ పరీక్షకు నిలబడవలసినదే. లోపం ఉనికిని, స్థానాన్ని గుర్తించడం మన పెద్దాయనకు కొత్త కాదు. ఆయన ప్రతి చక్రానికీ తేదీతో సహా ఛాయాచిత్రాలు తీయించారు. రెండు చక్రాలపై దెబ్బ ఏదీ లేదనీ, చారలు బోల్టు రంధ్రాల అంచుల నుండి బయలుదేరాయనీ వ్రాశారు. మూడవదానిపై గట్టు గీత ఉన్నదనీ, చార అక్కడినుండే మొదలయినదనీ, దానికి వారంటీ కోరడం లేదనీ అదే ఉత్తరంలో పేర్కొన్నారు. తయారీదారు ప్రతినిధి పరీక్షించి వ్రాతపూర్వకంగా జవాబివ్వాలని కోరారు. కొన్ని వారాల తరువాత ఆ రెండు చక్రాలను ఉచితంగా మార్చి ఇచ్చారు. మూడవదానికి ఆయన సొంత ఖర్చుతో పూత వేయించారు. పరీక్షకు వచ్చిన ప్రతినిధి, “మీరు మూడవదాని సంగతి వ్రాయకపోతే మిగిలిన రెండింటినీ నమ్మేవాణ్ణి కాదు” అన్నాడట. ఆ మాట విన్న కుమారుని ముఖం చూడవలసినదే.

ప్రతిసారీ ఇంత సులువుగా పరిష్కారం లభిస్తుందని చెప్పలేము. అట్టివారికి చట్టం అండగా ఉన్నది. 1986 నాటి వినియోగదారుల రక్షణ చట్టం స్థానంలో 2019 చట్టం వచ్చి, 2020 జూలైలో అమలులోకి వచ్చింది. దీని ప్రకారం ఫిర్యాదీ తాను నివసించే చోటనే ఫిర్యాదు చేయవచ్చు. చెల్లించిన వెల 50 లక్షల రూపాయల వరకు ఉంటే మనవారు దుర్గ్‌లోని జిల్లా కమిషన్‌కు, అంతకు మించి 2 కోట్ల వరకు ఉంటే రాయపూర్‌లోని రాష్ట్ర కమిషన్‌కు వెళ్ళాలి. వివాదానికి కారణం ఏర్పడిన నాటి నుండి 2 సంవత్సరాలలోగా ఫిర్యాదు చేయాలి. కంటితో తేలని లోపమైతే వస్తువును ప్రయోగశాల పరీక్షకు పంపే అధికారం కమిషన్‌కు ఉన్నది. ముందుగా సలహా కావలసినవారు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకు ఫోన్ చేయవచ్చు.

అడిగేది కూడా మితంగా ఉండాలి. ఒక కారు క్లచ్ వివాదంలో సుప్రీంకోర్టు 2006లో తీర్పు చెబుతూ, లోపమున్న భాగాన్ని బాగుచేసి లేదా మార్చి ఇస్తామని వారంటీలో ఉన్నప్పుడు మొత్తం కారునే మార్చమనడం తగదని స్పష్టం చేసింది. చక్రానికి మచ్చ వస్తే చక్రాన్నే అడగాలి.

కనుక ఇంట వాహనమున్న సోదర సోదరీమణులు వారంటీ పుస్తకాన్ని కొన్ననాడే చదువుకొనవలెను. సర్వీసు రసీదులు, జాబ్ కార్డులు భద్రపరచవలెను. చక్రాలను ఆమ్ల ద్రావకాలతో కాక సబ్బునీటితోనే కడిగించవలెను. మచ్చ కనబడిన వెంటనే తేదీతో ఫొటో తీయించి, నోటిమాటకు బదులు ఉత్తరం వ్రాయవలెను. ఆ ఉత్తరంలో మనకు అనుకూలమైన నిజంతో పాటు ప్రతికూలమైన నిజం కూడా ఉండవలెను. చక్రంపై పూత కొన్నేళ్ళకు ఎలాగూ మాసిపోతుంది. మాటపై నమ్మకం మాసిపోతే దానికి వారంటీ ఇచ్చేవారు లేరు.