సాగరతీర నిధివేట: ఆట పర్యాటకునిది, ముప్పు పడవవానిది

సముద్రంలోని ఒక దీవి మీదనో, మడ అడవుల నడుమ ఇసుక తిన్నె మీదనో ఒక చిన్న డబ్బా ఉంటుంది. దానిలో ఒక నోటు పుస్తకం, ఒక పెన్సిలు, కొన్ని చిరువస్తువులు ఉంటాయి. ఆ డబ్బా ఉన్న చోటును సూచించే అక్షాంశ రేఖాంశాలు ప్రపంచమంతటికీ బహిరంగం. వాటి ఆధారంగా వెదుకుతూ వెళ్లి, డబ్బాను కనుగొని, పుస్తకంలో పేరు రాసి, ఉన్నచోటనే తిరిగి ఉంచి రావడమే ‘జియోకాషింగ్’ అనే ఆధునిక నిధివేట. ఈ క్రీడలో పడవ మీద మాత్రమే చేరగల తీరాలకు ప్రత్యేక ఆకర్షణ ఉంది. మార్గం కష్టాన్ని ఒకటి నుంచి ఐదు వరకు కొలిచే పట్టికలో, పడవ వంటి ప్రత్యేక సాధనం లేనిదే చేరలేని చోట్లకు అత్యధికమైన ఐదో స్థాయి ఇస్తారు.

ఐరోపా, అమెరికాలతో పోలిస్తే భారతదేశంలో ఈ క్రీడను ఆడేవారు కొద్దిమందే. అయితే తెరపై కనిపించిన బిందువును ఎలాగైనా చేరి, అక్కడ ఒక గుర్తు వదిలి రావాలనే కోరిక ఇప్పుడు ఒక్క క్రీడకే పరిమితం కాలేదు. జనసంచారం లేని దీవుల స్థానాలు ఒక ఫోను నుంచి మరొక ఫోనుకు క్షణాల్లో చేరుతున్నాయి. దీవుల పర్యాటకాన్ని ప్రభుత్వాలు సైతం ప్రోత్సహిస్తున్నాయి. ఈ నేపథ్యంలో రెండు ప్రశ్నలకు సమాధానం వెదకవలసి ఉంది. ఒక చోటు ఎక్కడుందో తెలిసినంత మాత్రాన అక్కడికి వెళ్లే హక్కు లభించినట్లేనా? ఆ ప్రయాణం వికటిస్తే మూల్యం చెల్లించేది ఎవరు?

పాతికేళ్ల క్రీడ

2000 మే నెల ఆరంభం వరకు జీపీఎస్ ఉపగ్రహ సంకేతాలను పౌరులకు అందించే ముందు అమెరికా సైన్యం ఉద్దేశపూర్వకంగా కలుషితం చేసేది. దానివల్ల స్థాన నిర్ణయంలో వంద మీటర్ల మేరకు తేడా వచ్చేది. అధ్యక్షుడు క్లింటన్ ఆదేశంతో ఆ అడ్డంకి తొలగిపోయింది. వెనువెంటనే, మే 3న, ఆరెగాన్ రాష్ట్రంలోని ఒక అడవి దారి పక్కన ఒక ఔత్సాహికుడు డబ్బాను దాచి, దాని స్థానాన్ని అంతర్జాలంలో ప్రకటించాడు. కొద్దిరోజుల్లోనే మరొకరు దానిని కనుగొన్నారు. నేడు అటువంటి డబ్బాలు 190కి పైగా దేశాల్లో 30 లక్షలకు పైబడి ఉన్నాయి.

ఈ క్రీడకు నియమాలు లేకపోలేదు. స్థల యజమాని అనుమతి తీసుకోవాలి. డబ్బాను నేలలో పాతిపెట్టరాదు. అందులో తినుబండారాలు ఉంచరాదు. అమెరికా జాతీయ ఉద్యానవనాల్లో అధికారుల సమ్మతి లేనిదే డబ్బా పెట్టడానికి వీల్లేదు. ఈ నియమాల వెనుక అనుభవం ఉంది. 2011లో ఇంగ్లండులోని వెదర్‌బీ పట్టణ వీధిలో దాచిన డబ్బాను బాంబుగా అనుమానించి నిపుణులు పేల్చివేశారు. 2018 జూన్‌లో ప్రాగ్ నగరంలో ఈ వేటలో భాగంగా వాననీటి సొరంగంలో దిగినవారిలో ఇద్దరు ఆకస్మిక వరదకు బలయ్యారు. వారు దిగిన చోటు సరైనదే, దిగిన వేళ కాదు.

అంకెలు చెప్పని సంగతులు

సముద్రతీరంలో ఈ లోపం మరింత తీవ్రమైనది. అక్షాంశ రేఖాంశాలు చోటును చెబుతాయి గాని ఆటుపోట్లను చెప్పవు. ఆంధ్ర తీరంలో పోటుకూ పాటుకూ మధ్య తేడా తక్కువే. అదే గుజరాత్‌లోని ఖంభాత్ సింధుశాఖలో, భావ్‌నగర్ ప్రాంతాన, ఆ తేడా తొమ్మిది, పది మీటర్లకు చేరుతుంది. ఉదయం నడిచి వెళ్లిన బురద మైదానం మధ్యాహ్నానికి నిలువులోతు నీరవుతుంది.

నేల కూడా స్థిరంగా ఉండదు. కాకినాడ సమీపంలోని ఉప్పాడ వద్ద సముద్రం ఏటికేడు ఊరిని కోస్తున్నది. అక్కడికి దగ్గరలోనే ఉన్న హోప్ ఐలాండ్ గత రెండు శతాబ్దాలలో గోదావరి తెచ్చిన ఇసుకతో ఏర్పడిన పొడవైన తిన్నె. ఒకచోట పోయే నేల, మరొకచోట పుట్టే నేల. పాతికేళ్ల కిందట గుర్తించిన బిందువు ఇవాళ నీటి అడుగున ఉండవచ్చు. దేశ తీరరేఖ పొడవును సూక్ష్మ ప్రమాణంలో తిరిగి కొలిచినప్పుడు అది 7,516 కిలోమీటర్ల నుంచి 11,098 కిలోమీటర్లకు, ఆంధ్రప్రదేశ్ తీరం 974 నుంచి 1,053 కిలోమీటర్లకు పెరిగిన సంగతి ఇక్కడ గమనార్హం. తీరాన్ని ఎంత దగ్గరగా చూస్తే అంత వంకరగా కనిపిస్తుంది.

అంకెలు రుతువును కూడా చెప్పవు. శీతకాలం చివర నుంచి ఆలివ్ రిడ్లే తాబేళ్లు తూర్పు తీరంలో గుడ్లు పెడతాయి. కోరింగ అభయారణ్యం పరిధిలోని హోప్ ఐలాండ్ వాటికి ఒక ముఖ్య ఆవాసం. రాత్రివేళ ఇసుకపై కదిలే టార్చిలైటు తల్లి తాబేలును వెనక్కి మళ్లిస్తుంది, పిల్లలను దారి తప్పిస్తుంది. ఒడిశాలోని గహీర్‌మఠాను 1997లో సముద్ర అభయారణ్యంగా ప్రకటించి, నవంబరు 1 నుంచి మే 31 వరకు చేపల వేటను నిషేధిస్తున్నది ఇందుకే. ఆ తాబేళ్ల తీరానికి చేరువలోనే అబ్దుల్ కలాం దీవి, క్షిపణి పరీక్షా కేంద్రం ఉన్నాయి. పటంలో రెండూ పక్కపక్కన బిందువులే. చట్టం దృష్టిలో మాత్రం ఒకటి అటవీశాఖది, మరొకటి రక్షణశాఖది.

దాచిన డబ్బా, సముద్రం, అనుమానం

ఒక పడవ, చేతిలో జీపీఎస్ పరికరం, మానవసంచారం లేని తీరం, దాచిన ఒక పెట్టె. అమెరికాలో ఈ నాలుగూ కలిస్తే వారాంతపు వినోదం. భారతదేశంలో ఇవే నాలుగు మరొక జ్ఞాపకాన్ని లేపుతాయి. 2008 నవంబరు 26న ముంబయిపై దాడి చేసిన ఉగ్రవాదులు సముద్రమార్గాన వచ్చారు. భారతీయ మరపడవ ‘కుబేర్’ను చేజిక్కించుకుని, అందులోని వారిని చంపి, జీపీఎస్ పరికరం చూపిన దారిలో వచ్చి, రబ్బరు పడవలో ఒడ్డు చేరారు. ఆ తరువాతే మత్స్యకారులకు బయోమెట్రిక్ గుర్తింపు కార్డులు, రాష్ట్రానికొక రంగు చొప్పున పడవలకు రంగులు, మరిన్ని తీరప్రాంత పోలీసు స్టేషన్లు వచ్చాయి. కాబట్టి మన తీరంలో భద్రతా సిబ్బంది అనుమానం అకారణమైనది కాదు.

అయితే ఆ అనుమానంలో ఒక వైరుధ్యం కూడా ఉంది. ఫోను సంకేతాలు అందని చోట ఆపదలో సాయం కోరేందుకు విదేశాల్లో నావికులు, పర్వతారోహకులు శాటిలైట్ సందేశ పరికరాలను వెంట ఉంచుకుంటారు. మన దేశంలో టెలికం శాఖ అనుమతి లేకుండా వాటిని కలిగి ఉండడం నేరం. ఈ నిబంధన తెలియక విమానాశ్రయాల్లో నిర్బంధానికి గురైన విదేశీ పర్యాటకులున్నారు. ప్రాణరక్షణకని తెచ్చుకున్న పరికరమే కేసుకు కారణమవుతున్నది. నిషేధాన్ని ఎత్తివేయాలని కాదు, ఆ విషయాన్ని వీసా ఇచ్చేనాడే స్పష్టంగా చెప్పడం, దానికి బదులు ఏం వాడాలో సూచించడం ప్రభుత్వ బాధ్యత. ఆపదలో సముద్రం నుంచి కోస్ట్‌గార్డును 1554 నంబరులోను, తీరప్రాంత పోలీసులను 1093 లోను సంప్రదించవచ్చునన్న సంగతి పర్యాటకుల్లో ఎందరికి తెలుసు?

శిక్ష ఎవరికి?

అండమాన్ దీవుల్లోని ఉత్తర సెంటినెల్ ఉదంతం ఈ చర్చకు కేంద్రబిందువు. బయటి ప్రపంచంతో సంబంధాలు కోరని ఆదివాసులు నివసించే ఆ దీవి చుట్టూ ఐదు నాటికల్ మైళ్ల పరిధిలోకి ఎవరూ పోరాదు. 1956 నాటి ఆదివాసుల రక్షణ నిబంధనలు వారికి కవచం. బయటివారి నుంచి సోకే సాధారణ జ్వరం కూడా ఆ చిన్న సమూహాన్ని తుడిచిపెట్టగలదు. 2025 మార్చిలో ఒక అమెరికన్ యువకుడు జీపీఎస్ సాయంతో రబ్బరు పడవలో ఆ తీరం చేరి, ఇసుక మీద ఒక కొబ్బరికాయ, ఒక శీతలపానీయం డబ్బా వదిలి తిరిగివచ్చి అరెస్టయ్యాడు. ఇది జియోకాషింగ్ కాదు. కాని బిందువును చేరడం, ఒక వస్తువు వదలడం, చేరినట్లు రుజువు చూపడం అనే వరుస మాత్రం అదే. నిధివేట క్రీడాకారులు గౌరవించే ‘అనుమతి’ అనే ఒక్క మెట్టు ఇక్కడ లోపించింది.

అంతకన్నా ఆలోచింపజేసేది 2018 నాటి ఘటన. ఆ ఏడాది నవంబరులో అదే దీవికి వెళ్లిన మరొక అమెరికన్ ప్రాణాలు కోల్పోయాడు. డబ్బు తీసుకుని అతనిని దీవి సమీపానికి చేర్చిన స్థానిక జాలర్లు అరెస్టయ్యారు. సాహసం చేసినది ఒకరు, జైలుకు పోయినవారు మరొకరు.

ఏ మారుమూల తీరానికైనా పర్యాటకుడు ఒంటరిగా చేరలేడు. సరంగు కావాలి, నాటు పడవ కావాలి, మొగ వద్ద ఇసుకమేట ఎక్కడుందో తెలిసినవాడు కావాలి. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు వేట నిషేధం అమల్లో ఉంటుంది. ఆ రోజుల్లో పడవ ఒడ్డున ఉంటుంది, ఇంట్లో ఖర్చు ఆగదు. అటువంటప్పుడు రెండు మూడు వేలు చేతిలో పెట్టి ‘ఆ దీవికి తీసుకెళ్లు’ అంటే కాదనడం సులభం కాదు. కాని చేపల వేటకని నమోదైన పడవలో యాత్రికులను ఎక్కించుకుంటే ఆ నమోదుకే ముప్పు. అభయారణ్యంలో దింపితే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వర్తిస్తుంది. ప్రమాదం జరిగితే బీమా సంస్థ చేతులెత్తేయవచ్చు. పర్యాటకుడు జరిమానా కట్టి ఇంటికి పోగలడు. జాలరి పడవ పోతే జీవనాధారమే పోతుంది.

కొలతకు అందని రేఖను దాటినందుకు మూల్యం చెల్లించడం మన మత్స్యకారులకు కొత్త కాదు. 2018 చివర గుజరాత్ తీరం నుంచి వేటకు వెళ్లి పాకిస్థాన్‌కు చిక్కిన ఉత్తరాంధ్ర జాలర్లలో 20 మంది ఏడాదికి పైగా చెరలో గడిపి 2020 జనవరిలో వాఘా మీదుగా ఇల్లు చేరారు. పాక్ జలసంధిలో తమిళ జాలర్ల అరెస్టులు నిత్యవార్తలుగా మారాయి. సముద్రంలో గీత కనిపించదు, శిక్ష మాత్రం కనిపిస్తుంది.

పడవ భద్రత సంగతి వేరే చెప్పనక్కర్లేదు. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు వద్ద పర్యాటక పడవ మునిగి సుమారు 50 మంది చనిపోయారు. 2023 మే 7న కేరళలోని తానూరులో చేపల పడవను మార్చి నడిపిన విహార నౌక బోల్తాపడి 22 మంది మరణించారు. నదిలో, ఉప్పుటేటిలో జరిగినవే ఇంత ఘోరంగా ఉంటే, సహాయక బృందం చేరేందుకే గంటలు పట్టే దీవుల వద్ద పరిస్థితిని ఊహించవచ్చు.

మూసివేత కాదు, క్రమం

ఈ కారణాలన్నీ చూపి తీరాన్ని మూసివేయడం పరిష్కారం కాదు. నిషేధించిన చోటుకు దొంగచాటు ప్రయాణాలు పెరుగుతాయి. ఆ ప్రయాణాల్లోనే లైఫ్ జాకెట్లు ఉండవు, లెక్క ఉండదు. క్రమబద్ధమైన దారి చూపడమే మేలు. దానికి నమూనాలు ఉన్నాయి.

డబ్బా లేని నిధివేట వాటిలో మొదటిది. ‘ఎర్త్‌కాష్’ పేరుతో 2004 నుంచి నడుస్తున్న ఈ పద్ధతిలో చోటును చేరినవారు అక్కడి శిలలను, నేల తీరును పరిశీలించి ప్రశ్నలకు సమాధానం చెబితే చాలు. ఏదీ దాచరు, ఏదీ వదలరు. కర్ణాటకలో మాల్పే నుంచి పడవలో చేరే సెయింట్ మేరీస్ దీవులు దీనికి తగినవి. స్తంభాల్లా నిలిచిన అక్కడి లావా శిలలు జాతీయ భూవైజ్ఞానిక స్మారకాలు. వానకాలంలో పడవలు నిలిపివేసే పద్ధతి అక్కడ ఇప్పటికే ఉంది. భద్రతా సిబ్బందికి అనుమానం కలిగించే పెట్టె లేకుండా, తాబేలు గుడ్లకు ముప్పు లేకుండా ఆట సాగుతుంది.

రెండవది స్థానికుల భాగస్వామ్యం. అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో 1980ల చివర మొదలైన దీవుల జలమార్గంలో, పడవల్లో తిరిగే సభ్యులే దీవుల కాపలాదారులు, చెత్త ఏరేవారు. మన తీరంలో ఆ బాధ్యతను మత్స్యకార సహకార సంఘాలకు ఇవ్వవచ్చు. ఎంపిక చేసిన దీవులకు, నిర్ణీత రోజుల్లో, యాత్రికులను తీసుకెళ్లేందుకు తగిన పడవలకు ప్రత్యేక అనుమతి, బీమా, శిక్షణ ఇస్తే అక్రమ ప్రయాణానికి ఆశపడే అవసరం తగ్గుతుంది.

మూడవది సమాచారం. హైదరాబాదులోని భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రం, ఇన్‌కాయిస్, చేపలు దొరికే చోట్ల అక్షాంశ రేఖాంశాలను, దిక్కును, దూరాన్ని, లోతును మత్స్యకారులకు ఉచితంగా అందిస్తున్నది. అలల ఎత్తును, ఉప్పెన ముప్పును కూడా హెచ్చరిస్తున్నది. అంటే చోటుతోపాటు వేళనూ, ప్రమాదాన్నీ చెప్పే వ్యవస్థ మనకు ఉంది. దీవులకు పోయే పర్యాటకులకూ ఆ సూచనలే ప్రమాణం కావాలి. హెచ్చరిక ఉన్న రోజున పడవ కదలరాదు.

జీపీఎస్ రాకమునుపు మన జాలర్లు ఒడ్డునున్న కొండను, గుడి గోపురాన్ని, తాటిచెట్టును ఒక వరుసలో చూసుకుని నడిసముద్రంలో తమ చోటును పోల్చుకునేవారు. గాలిని, నీటి రంగును చూసి వెళ్లాలో వద్దో తేల్చుకునేవారు. ఉపగ్రహం మొదటి పనిని సులభం చేసింది. రెండవ పని ఇప్పటికీ మనిషిదే. దానిని ‘ఈ రోజు వద్దు’ అని చెప్పగల పడవవానికి అప్పగించి, ఆ మాట చెప్పినందుకు అతని పూట గడవకుండా పోని ఏర్పాటు చేసినప్పుడే మన తీరం సాహసికులకు సురక్షితంగా తెరుచుకుంటుంది.