పొరుగువారి పచ్చికయు మన శునకములును

శునకమునకు మన వాఙ్మయములో గౌరవస్థానము లేదనువారు భారతమును చక్కగా చదువనివారు. ధర్మరాజు తన వెంట వచ్చిన కుక్కను విడిచి స్వర్గమున కొంటరిగా పోవ నిరాకరించెనని మహాప్రస్థానికపర్వము తెలుపుచున్నది. ధనవంతుని వాకిట పడియున్న లాజరు పుండ్లను నాకినవి కుక్కలే యని లూకా సువార్తయు చెప్పుచున్నది. కావున నీ వ్యాసము కుక్కలయెడ ద్వేషముచే వ్రాయబడినది కాదు. కుక్క విశ్వాసమును గూర్చి క్రొత్తగా చెప్పవలసిన దేమియు లేదు. కుక్కను పెంచువాని బాధ్యతను గూర్చియే కొంత చెప్పవలసియున్నది.

మన పాఠశాల పచ్చిక ప్రాతఃకాలమున నూరివారి వ్యాయామమునకై తెఱచియుంచబడుచున్నది. ఇది మంచి యాచారము. అయితే వచ్చువారిలో కొందఱు తమ పెంపుడుకుక్కలను తెచ్చి, గేటు దాటగానే గొలుసు విప్పుచున్నారు. కుక్క పచ్చికమీద మలమూత్రములు విడుచుచుండగా యజమాని యాకాశమువంక చూచుచు నిలుచును. రెండు గంటలు గడువకముందే యదే చోట చిన్నతరగతుల బాలురు వట్టికాళ్లతో కబడ్డీ యాడుదురు. మధ్యాహ్నమున బాలికలు క్యారేజీలు విప్పుకొని యచ్చటనే కూర్చుందురు. దీనిని చూచి విసిగిన కొందఱు తలిదండ్రులు గేటు మూయింపుడనుచున్నారు. మఱికొందఱు రాళ్లను, విషమును గూడ ప్రస్తావించుచున్నారు. ఈ రెండును తగిన మార్గములు కావని నా యభిప్రాయము. తప్పెచ్చట నున్నదో విచారించినచో మార్గము దానంతట నదియే కనబడును.

మొదట పచ్చికకు కలుగు హానిని చూతము. కుక్క మూత్రములో నత్రజని సంబంధమైన పదార్థ మధికము. ఎరువు మితిమీఱిన మొక్క మాడునట్లే, మూత్రము పడినచోట గడ్డి పసుపువన్నెకు తిరిగి చచ్చును. దాని చుట్టును మాత్రము, పలుచనైన సత్తువ నందుకొని, గడ్డి ముదురుపచ్చగా పెరుగును. వేసవియంతయు తోటమాలి నీరు మోసి బ్రదికించిన పచ్చికమీద నిట్టి మచ్చలు పడుట యతని శ్రమను పరిహసించుట కాదా?

గడ్డికంటె బాలుర యారోగ్యము ముఖ్యము. కుక్కల కడుపులోని యేలికపాముల గ్రుడ్లు మలముతో నేలపై పడును. ఇవి పడిన దినముననే హాని చేయవు; రెండుమూడు వారములు మట్టిలో నుండి పరిపక్వమైన పిమ్మటనే మనుష్యునకు సోకగలవు. అటుపిమ్మట నెలలతరబడి నేలలో నిలిచియుండును. మట్టిచేతులు నోట పెట్టుకొను పసివారి కడుపులో చేరినచో, వానినుండి వెలువడిన పురుగులు కాలేయమునకును, నొక్కొక్కప్పుడు కంటికిని పోయి చూపును చెఱుచును. కుక్కల కొంకిపురుగు పిల్లలు చెప్పులులేని కాళ్ల చర్మమున చొచ్చి, దురదతో గూడిన వంకరగీతలను పుట్టించును. ఇందువలన మనము గ్రహింపవలసిన దేమనగా, మలమును పడిన వెంటనే తీసివేసినవాడు రాబోవు నపాయమును చాలవఱకు తీసివేసినవాడే. నెల గడచిన పిదప నది మట్టిలో కలిసిపోవును. అప్పుడు దానిని గుర్తింపను లేము, తొలగింపను లేము.

ఇక నీ విషయములో నన్నిటికంటె గొప్ప ప్రశ్న యొకటి కలదు. యజమాని విడిచిపోయిన యా మలము నెత్తుచున్న దెవరు? తెల్లవాఱకముందే చీపురుతో వచ్చు మన పనిమనిషి. ఆమెకు జీతమిచ్చుట పాఠశాల యావరణము నూడ్చుటకు గాని, యూరివారి కుక్కల కూడిగము చేయుటకు గాదు. “ఎవరి కంపు వారి కింపు” అని సామెత యున్నది. మన దేశములో ఆ సామెత తలక్రిందులైనది. ఎవరి కంపునైనను కొన్ని కులములవారే మోయవలెనని తరతరములు నిర్బంధించితిమి. ఆ దురాచారమును 1993లో నొక చట్టమును, 2013లో మఱింత కఠినమైన చట్టమును నిషేధించినవి. ఆ చట్టములు మనుష్యుల మలమును గూర్చినవే యనుట నిజము. అయినను వాని వెనుకనున్న ధర్మ మొక్కటియే: నీవు చేసిన, లేక నీ యింటివలన నైన మాలిన్యమును మఱియొకరి చేతులపై వేయుటకు నీకధికారము లేదు. తన కుక్కకు ముద్దుగా పేరు పెట్టి, పాలు పోసి, దాని మలమును మాత్రము పేరైన నెఱుగని యొక స్త్రీకి విడుచువాడు కుక్కను సగమే పెంచుచున్నాడు.

“మూగజీవమునకేమి తెలియును?” అని కొంద ఱందురు. నిజమే. దానికి తెలియదు గనుకనే తెలిసినవాడు గొలుసు పట్టుకొనవలెను. “మైదానము అందఱిది గదా” యని మఱికొందఱు. అందఱిది గనుకనే యొక్కని సౌఖ్యమునకై దానిని చెఱుపరాదు. తన పశువు పొరుగువాని చేను మేసినచో తన చేనిలోని మంచి పంటతో నష్టము తీర్పవలెనని మోషే ధర్మశాస్త్రము నిర్గమకాండములో విధించుచున్నది. అందు శిక్ష పశువునకు గాదు, యజమానికి. మన దేశమున 1871లో నేర్పడిన పశువుల చట్టము ననుసరించి పరుల చేలలో పడిన పశువులను బందెలదొడ్డికి తోలుదురు. ఏనుగు మొదలు మేకపిల్లవఱకు నందు పేర్కొనబడినవి. కుక్క పేరు మాత్రము లేదు. కుక్కకు బందెలదొడ్డి లేదు. యజమాని చేయియే దానికి దొడ్డి. ఆ చేయి యజాగ్రత్తగా నుండి, జంతువువలన మనుష్యున కపాయము కలుగు స్థితి యేర్పడినచో 1860 నాటి శిక్షాస్మృతి శిక్ష విధించెను. దాని స్థానమున 2024 జూలై 1 నుండి యమలులోనికి వచ్చిన భారతీయ న్యాయసంహిత 291వ విభాగము ఆఱుమాసములవఱకు కారాగారమును, అయిదువేల రూపాయలవఱకు జుల్మానాను, లేక రెండింటిని విధించుచున్నది.

గొలుసు విప్పుట యెంత సాహసమో తెలియుటకు పిచ్చికుక్క కాటును తలంచిన చాలును. 1885లో పారిసు నగరమున పాశ్చరు పండితుడు కుక్క కఱచిన యొక బాలునికి తన టీకాల నిచ్చి రక్షించెను. 1907లో నీలగిరులలోని కూనూరునందు పాశ్చరు సంస్థ స్థాపింపబడెను. నేడీ టీకా మన ప్రభుత్వాసుపత్రులలో లభించుచున్నది. అయినను వ్యాధిలక్షణములు కనబడిన పిమ్మట రోగి బ్రదుకుట మిక్కిలి యరుదు. మనుష్యులకు సోకు నీ వ్యాధిలో నూటికి తొంబదితొమ్మిది పాళ్లవఱకు కుక్కలవలననే వచ్చుచున్నవని ప్రపంచారోగ్యసంస్థ చెప్పుచున్నది. “మొఱిగెడు కుక్క కఱవదు” అను సామెతను నమ్మి పసివారిని దాని యెదుట నిలుపరాదు.

అట్లని రాళ్లు రువ్వుటయు, విషము పెట్టుటయు ధర్మము కాదు. జనమేజయుని తమ్ములు సత్రశాలలో నే తప్పును చేయని కుక్కపిల్లను కొట్టగా, దాని తల్లియైన సరమ వచ్చి న్యాయ మడిగి శపించిన కథ ఆదిపర్వములో నున్నది. జంతుహింసను 1960 నాటి చట్టము నిషేధించినది. వీధికుక్కల మాట వేఱు: విద్యాలయముల యావరణములనుండి వానిని తొలగించి, చుట్టును కంచె వేయింపుమని సర్వోన్నత న్యాయస్థానము 2025 నవంబరు 7న ప్రభుత్వముల నాదేశించెను. వీధికుక్కలకు కంచె కట్టవచ్చును గాని, యజమాని చేయిపట్టుకొని గేటులోనుండి వచ్చు కుక్కకు కంచె యేమి చేయగలదు? గేటు మూసినచో కుక్కతోపాటు, యే తప్పును లేక యుదయమున నడచుటకు వచ్చు వృద్ధులును బయట నిలిచిపోవుదురు. ఇది కొందఱి తప్పునకు పలువురను శిక్షించుట.

కావున నేను సూచించునవి యివి. కుక్కను తెచ్చువారు దానిని పొట్టి గొలుసుతో పట్టుకొని, బాటమీదనే నడిపింపవలెను, పచ్చికపైకి పోనీయరాదు. చేతిలో పాతపత్రిక ముక్కలు కొన్ని యుంచుకొని, మలమును తామే యెత్తి మూతగల తొట్టిలో వేయవలెను. కుక్కకు మూడవ నెలలో పిచ్చికుక్కవ్యాధి టీకాను, పిదప వైద్యుడు చెప్పిన కాలమున మరల టీకాను వేయింపవలెను. కడుపులో పురుగులకు మందిప్పింపవలెను. పాఠశాలవా రొక మూలలో తొట్టిని, కొళాయిని ఏర్పఱచి, నియమములను గేటువద్ద వ్రాయింపవలెను. ఇంత చేసినను వినని వారినే గేటువద్ద నాపవలెను.

విద్యార్థులారా, మీలో పలువురిండ్లలో కుక్కను నడిపించు పని మీదే. మీ బలమును మించిన కుక్క గొలుసును మీరు పట్టుకొనకుడు, పెద్దల నడుగుడు. పరుల కుక్క మీదికి వచ్చినప్పుడు పరుగెత్తక, చేతులు దగ్గరకు చేర్చి కదలక నిలువుడు. కఱచినను, గీరినను, గాయమును సబ్బుతో పాఱునీటిక్రింద పదునైదు నిమిషములు కడిగి, యింట దాచక, ఆ దినముననే యాసుపత్రికి పొండు. పసుపు, సున్నము, కారము పూయు నాటుమందులను నమ్మకుడు.

పొరుగువానిని ప్రేమింపవలెనను నాజ్ఞను మనము ప్రార్థనామందిరములో తఱచుగా వినుచున్నాము. పొరుగువాడనగా ప్రక్కయింటివాడు మాత్రమే కాడు. మన తరువాత నా గడ్డిమీద నడచు బాలుడును, దాని నూడ్చు స్త్రీయు, దానికి నీరు పోయు మాలియు మనకు పొరుగువారే. వారు వచ్చునప్పటికి పచ్చిక శుభ్రముగా నున్నదా యను నది మన గొలుసు పట్టిన చేతిపై నాధారపడియున్నది.