పేరుకే అన్‌లిమిటెడ్.. అర్ధరాత్రి దాటితే మిగిలిన డేటా మాయం!

సాయంత్రం ఇంటర్ చదివే అమ్మాయి ఫోన్‌లో ఆన్‌లైన్ క్లాసు వింటుంది. అదే ఫోన్ హాట్‌స్పాట్‌తో తమ్ముడు పాఠాల వీడియో చూస్తాడు. ఇషా నమాజ్ తర్వాత గల్ఫ్‌లో ఉన్న తండ్రి వీడియో కాల్ చేసేసరికి బొమ్మ బిగుసుకుపోతుంది, మాట తెగిపోతుంది. ఈరోజు డేటా అయిపోయిందని అప్పటికే మెసేజ్ వచ్చి ఉంటుంది. చేయించిన రీచార్జ్ మాత్రం ‘అన్‌లిమిటెడ్’!

ఎన్నో ఇళ్లలో ఇది మామూలైపోయింది. కంపెనీలు మోసం చేస్తున్నాయని కొందరు తిట్టుకుంటారు. ఇంత చవకగా వస్తుంటే ఇంకేం కావాలని ఇంకొందరంటారు. అసలు లెక్క ఎక్కడ తప్పుతోందో చూస్తే గానీ విషయం తెలియదు.

ఏది అన్‌లిమిటెడ్?

ఈ ప్లాన్లలో హద్దు లేనివి కాల్స్ మాత్రమే. డేటాకు రోజువారీ కోటా ఉంటుంది. కోటా దాటితే చాలా ప్లాన్లలో నెట్ పూర్తిగా ఆగదు, వేగం 64 కేబీపీఎస్‌కి పడిపోతుంది. అంటే సెకనుకు 8 కిలోబైట్లు. ఆ వేగంతో 1 ఎంబీ ఫొటో రావడానికి రెండు నిమిషాలు దాటుతుంది. 5 ఎంబీ నోట్స్ పీడీఎఫ్‌కు పది నిమిషాల పైనే. వీడియో కాల్ మాట అడగక్కర్లేదు.

బ్రాడ్‌బ్యాండ్ అనిపించుకోవాలంటే కనీసం 2 ఎంబీపీఎస్ ఉండాలని కేంద్రం 2023లో నిర్ణయించింది. 64 కేబీపీఎస్ అందులో 30వ వంతు కూడా కాదు. ఇంటికి వైరు ద్వారా వచ్చే నెట్‌కైతే, కోటా దాటినా వేగం 512 కేబీపీఎస్ కంటే తగ్గకూడదని ట్రాయ్ 2016లోనే ఆదేశించింది. ఫోన్ మీదే ఆధారపడే కుటుంబాలకు ఆ రక్షణ దక్కలేదు.

జేబు లెక్క

2024 జులైలో ప్రైవేటు కంపెనీలన్నీ ఛార్జీలు పెంచాయి. జియోలో రోజుకు 1.5 జీబీ ఇచ్చే 28 రోజుల ప్లాన్ రూ.239 నుంచి రూ.299 అయింది. 28 రోజుల చొప్పున ఏడాదికి 13 సార్లు రీచార్జ్ చేయాలి. అంటే ఒక్కో ఫోన్‌కు ఏడాదికి రూ.780 అదనం. మూడు ఫోన్లున్న ఇంటికి రూ.2,340.

ఇక డేటా సంగతి. ఆ ప్లాన్‌లో 28 రోజులకు మొత్తం 42 జీబీ వస్తుంది. జీబీకి సుమారు రూ.7 పడుతుంది. కానీ ఆ 42 జీబీని మనకు కావాల్సినప్పుడు వాడుకునే వీల్లేదు. పనికి వెళ్లిన రోజు 1 జీబీ మిగిలితే అర్ధరాత్రికి అది పోయినట్టే. ఆదివారం పిల్లలకు మాక్ టెస్ట్ ఉండి ఇంకో 1 జీబీ కావాలంటే బూస్టర్ వేయించుకోవాలి. ఆ పెంపు తర్వాత జియోలో 1 జీబీ బూస్టర్ రూ.19, ఎయిర్‌టెల్‌లో రూ.22. ముందే డబ్బు కట్టిన 1 జీబీ వాడకుండానే పోయింది, దాని బదులు ఇంకో 1 జీబీని రెండున్నర రెట్లకు పైగా పెట్టి కొనాల్సి వచ్చింది. జనం కోపానికి అసలు కారణం ఇదే.

5జీ ఫోన్ ఉంటేనే..

హద్దు లేని డేటా అసలు లేదా అంటే ఉంది, 5జీలో. అయితే 2024 జులైలో జియో, ఎయిర్‌టెల్ దాన్ని రోజుకు 2 జీబీ, అంతకు మించిన ప్లాన్లకే పరిమితం చేశాయి. పైగా 5జీ ఫోన్ ఉండాలి, సిగ్నల్ ఉండాలి. గల్లీ లోపల సిగ్నల్ 4జీకి మారితే మళ్లీ కోటాలోంచే కోత. ఖరీదైన ఫోన్, పెద్ద ప్లాన్ ఉన్నవారికి హద్దు లేదు. ఒకే 4జీ ఫోన్‌ను ఇంటిల్లిపాదీ వాడుకునే చోట మాత్రం రోజూ హద్దే.

కంపెనీల వాదన

హద్దు లేకపోతే కొద్దిమందే నెట్‌వర్క్ అంతా వాడేసి మిగతావారికి వేగం తగ్గుతుందని కంపెనీలు చెబుతాయి. ఇందులో నిజం ఉంది. 2016లో జియో రాకముందు నెలకు 1 జీబీకే రూ.200 పైన పెట్టిన రోజులు ఎవరూ మర్చిపోలేదు. ఇప్పటి ధరలు అప్పటితో పోలిస్తే చాలా తక్కువ.

అయితే మిగిలిన డేటాను మర్నాటికి మార్చడం చేతకాని పనేం కాదు. వారం మధ్యలో మిగిలింది శని, ఆదివారాల్లో వాడుకునే సదుపాయాన్ని వొడాఫోన్ ఐడియా కొన్ని ప్రీపెయిడ్ ప్లాన్లలో ఇచ్చింది. దక్షిణాఫ్రికాలో జనం గట్టిగా అడగడంతో, మిగిలిన డేటాను ముందుకు మార్చుకునే అవకాశం ఇవ్వాలని అక్కడి నియంత్రణ సంస్థ నిబంధన తెచ్చింది. అది 2019లో అమల్లోకి వచ్చింది.

అడిగితేనే..

మొబైల్ ధరలను ట్రాయ్ నిర్ణయించదు, వాటిని కంపెనీలకే వదిలేసింది. కానీ షరతులు పెట్టగలదు. 30 రోజుల ప్లాన్ కనీసం ఒకటైనా ఉండాలని 2022లో చెప్పింది. డేటా అక్కర్లేని వారికి కాల్స్, ఎస్ఎంఎస్‌లతోనే విడిగా ప్యాక్ ఇవ్వాలని 2024 డిసెంబరులో ఆదేశించింది. ఇంట్లో మామూలు ఫోన్ వాడే పెద్దవాళ్లుంటే ఆ ప్యాక్ అడిగి తీసుకోవచ్చు. మిగిలిన డేటా విషయంలోనూ ఇలాంటి ఆదేశమే రావాలి.

ప్రకటనలో పెద్ద అక్షరాలతో ఒకటి చెప్పి, కింద చిన్న అక్షరాల షరతుతో దాన్ని తిరగేయకూడదని 2022 జూన్ నాటి కేంద్ర మార్గదర్శకాలు చెబుతున్నాయి. టెలికాం కంపెనీలపై వినియోగదారుల ఫోరంకు వెళ్లవచ్చని సుప్రీంకోర్టు 2022 ఫిబ్రవరిలో స్పష్టం చేసింది. సమస్య ఉంటే ముందు కంపెనీకి 198 నంబర్‌లో ఫిర్యాదు చేసి డాకెట్ నంబర్ రాసి పెట్టుకోవాలి. తేలకపోతే కంపెనీలోనే ఉండే అప్పీలు విభాగానికి వెళ్లాలి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు కూడా ఫోన్ చేయవచ్చు.

ఇక్కడ ఎవరూ ఉచితంగా ఇవ్వమని అడగడం లేదు. డబ్బు కట్టి కొన్న 42 జీబీని 28 రోజుల్లో తమకు వీలైనప్పుడు వాడుకోనివ్వమంటున్నారు, అంతే.