ఎరువును సంచి చూసి ఎంచుకోవద్దు

వానలు వెనకబట్టి యాసంగి దుక్కులు మొదలయ్యే వేళకు కాగజ్‌నగర్ చుట్టుపక్కల ఒక మాట బాగా వినిపిస్తుంది: "సేంద్రియ గుళికలు ఎకరానికి ఒక్క బస్తా చల్లితె సాలు, భూమి బాగుపడ్తది." అమ్మేవాళ్లు అంటారు, కొనేవాళ్లు నమ్ముతారు. యూరియా తగ్గించుకోవాలని మనస్ఫూర్తిగా కోరుకునే రైతు కూడా సేంద్రియమంటే సంచి కొనడమే అనుకుంటున్నాడు. ఈ నమ్మకం రైతు డబ్బునూ తింటోంది, నేలనూ మోసం చేస్తోంది.

లెక్క చూద్దాం. మన ఎరువుల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం సంచుల్లో అమ్మే వానపాముల ఎరువులో నత్రజని కనీసం 1 శాతం ఉంటే చాలు. అంటే 50 కిలోల సంచిలో అర కిలో. బీటీ పత్తికి మన వ్యవసాయ విశ్వవిద్యాలయం చెప్పే మోతాదు ఎకరానికి 60 కిలోల నత్రజని. అర కిలో ఎక్కడ, అరవై కిలోలు ఎక్కడ? 45 కిలోల యూరియా బస్తాలో 20 కిలోలకు పైగా ఉంటుంది. పశువుల పెంటలో నత్రజని అర శాతమే అయినా, నాలుగు టన్నులు తోలిస్తే అవే 20 కిలోలు నేలకు చేరతాయి. అదంతా మొదటి పంటకే అందదు, రెండో మూడో పంటదాకా మెల్లగా దిగుతుంది. 2025 వానాకాలంలో యూరియా కోసం చెప్పులు వరుసలో పెట్టి పొద్దంతా నిలబడ్డ రైతుకు ఆ 20 కిలోల విలువ నేను చెప్పనక్కర లేదు.

"నత్రజని కోసం కాదు, నేల సత్తువ కోసం వేస్తున్నం" అనేవాళ్లూ ఉన్నారు. ఈ వాదన బలమైనదే. నల్లరేగడి గుల్లబారాలన్నా, తేమ నిలవాలన్నా నేలలో కర్బనం పెరగాలి. కానీ ఒక ఎకరంలో 15 సెంటీమీటర్ల లోతు మట్టి బరువే దాదాపు 8 లక్షల కిలోలు. సేంద్రియ కర్బనం 0.1 శాతం పెరగాలంటే 800 కిలోల కర్బనం ఆ మట్టిలో నిలవాలి. వానపాముల ఎరువులో ఉండాల్సిన కర్బనం కనీసం 18 శాతం. ఆ లెక్కన సంచికి తొమ్మిది కిలోలు! సేంద్రియ ఎరువు బలమంతా రాశిలో ఉంది. ఆ రాశిని సంచిలో కుక్కి అమ్మడం ఎవరి తరమూ కాదు.

"పెంట యాడున్నది, పశులేవి?" అని అడుగుతారు. నిజమే, ట్రాక్టర్లు వచ్చాక కొట్టాలు ఖాళీ అయ్యాయి. కానీ చేనులో ఉన్నదాన్ని మనమే తగలబెడుతున్నాం కదా! ఎకరా పత్తి చేనులో టన్నుకు అటూ ఇటుగా ఎండు కట్టె మిగులుతుంది. అందులో 400 కిలోలకు పైగా కర్బనం ఉంటుంది. ఏరడాలు అయిపోగానే దాన్ని పీకి, కుప్పేసి, నిప్పు పెడుతున్నాం. వెదురునూ కట్టెనూ కాగితంగా మార్చే మిల్లు చుట్టూ పెరిగిన ఊరు మనది. కొత్తపేట కాగజ్‌నగర్ అయ్యిందే ఆ మిల్లు వల్ల. కట్టె విలువ మనకు ఇంకొకరు చెప్పాలా?

గులాబీ రంగు పురుగు కోసం కాలుస్తున్నామంటారు. పురుగు దాగేది చేనులో నెలల తరబడి నిలబెట్టిన మోళ్లలో, ఎండిన కాయల్లో. చివరి ఏరుడు కాగానే యంత్రంతో కట్టెను ముక్కలు చేసి దున్నేస్తే ఆ ఆసరా పోతుంది, కట్టె నేలలోనే ఉంటుంది. కుళ్లేటప్పుడు చాలా కర్బనం గాలిలో కలుస్తుందన్నది వాస్తవమే, కాలిస్తే మాత్రం దాదాపు అంతా పోతుంది. కుళ్లని ముక్కలు మొదట నేలలోని నత్రజనిని పట్టి ఉంచుతాయి కాబట్టి కాస్త పేడనీళ్లో కొంచెం యూరియానో తోడివ్వాలి. ఈ పని ఒక్క రైతుతో కాదు. యంత్రాన్ని ఊరుమ్మడిగా అద్దెకు తెచ్చుకోవాలి, అందుకు సహకార సంఘాలు ముందుకు రావాలి.

కట్టె ఒక్కటే దారి కాదు. తొలకరిలో జనుమో జీలుగో చల్లి పూతకు రాగానే దున్నేయడం, గొర్రెల మందను రాత్రిళ్లు చేనులో పెట్టించుకోవడం మన పెద్దలు చేసినవే. పెంట దొరికినా మాగిందే తోలించండి. పచ్చిపెంట వెంట చెదలూ గడ్డి గింజలూ చేనుకొస్తాయి.

ఇంటి ముందు గరిక పెంచేవాళ్లకూ, కుండీల్లో మొక్కలున్నవాళ్లకూ సంచి ఎరువు పనికొస్తుంది, వాళ్లకు కావలసింది కొద్దే కాబట్టి. వాళ్లు కూడా దసరా దాటగానే, నేలలో పదును ఉండగానే చల్లుకోవాలి. మన జిల్లా చలి తెలిసిందే. చలి ముదిరితే మట్టిలోని సూక్ష్మజీవులు మందగిస్తాయి, ఎరువు వేర్లకు అందడం ఆలస్యమవుతుంది.

రైతులకు ఒక్క విన్నపం. ఈసారి దుకాణంలో సంచి ఎత్తే ముందు దాని మీద నత్రజని ఎంత శాతమని రాశారో చదవండి, బరువుతో గుణించండి. ఆ డబ్బు మాగిన పెంటకో, కట్టె ముక్కలు చేసే యంత్రం కిరాయికో పెట్టండి. ఈ ఏడు పత్తి కట్టెకు నిప్పు పెట్టకండి.