జామాయిల్ తోటను అడవి అంటే పిట్టలు ఒప్పుకోవు

రెండేళ్లకోసారి కేంద్రం అడవుల లెక్క విడుదల చేస్తుంది. 2021 నివేదికలో అడవి బాగా పెరిగిన రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ మొదటిది, 647 చదరపు కిలోమీటర్లు. తెలంగాణ రెండోది, 632. చప్పట్లు బాగానే కొట్టుకున్నారు. కానీ ఆ నివేదిక దేన్ని అడవి అంటుందో చూడండి. హెక్టారుకు మించిన జాగాలో పది శాతం మీద చెట్ల నీడ ఉంటే చాలు, అది అడవే. భూమి ఎవరిది, చెట్టు ఏది అన్న ప్రశ్నే లేదు. మన సుబాబుల్ చేను, మామిడి తోట కూడా ఆ ఖాతాలో పడేవే!

ఉపగ్రహానికి పచ్చగా కనిపిస్తే సరిపోతుంది. పిట్టలకు సరిపోదు.

2023 ఆగస్టులో మన దేశపు పక్షుల స్థితి మీద ఒక నివేదిక వచ్చింది. 30 వేల మందికి పైగా పక్షి ప్రేమికులు రాసిపెట్టిన 3 కోట్ల నమోదులు దానికి ఆధారం. దీర్ఘకాలపు లెక్క తేలిన 338 జాతుల్లో 60 శాతం తగ్గాయి. చలికాలం మన దగ్గర గడపడానికి దూరం నుంచి వచ్చే వలస పిట్టలు బాగా దెబ్బతిన్నాయి. పురుగులు తినేవీ తగ్గాయి. పెరిగిన వాటిలో నెమలి ఉంది. అది వేరుశెనగ వేసేవాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. తెలంగాణ రాష్ట్ర పక్షి పాలపిట్ట స్థితిని అంతర్జాతీయంగా మళ్లీ మదింపు చేయాలన్న 14 జాతుల్లో ఒకటి. దసరాకు దాన్ని చూస్తే శుభమంటాం. పంజరంలో పెట్టి చూపించి డబ్బులు అడిగేవాళ్లు వస్తారు గానీ చెట్టు మీద చూసినవాళ్లు ఎంతమంది?

కారణాల్లో ఒకే జాతి చెట్ల తోటలను కూడా ఆ నివేదిక లెక్కించింది. ఇందులో వింతేముంది? హిమాలయాల వైపు నుంచి వచ్చే చిన్న పిట్టలు మార్చి, ఏప్రిల్ దాకా ఆకుల మీది పురుగులు ఏరుకుని బతుకుతాయి. ఇప్ప, మద్ది, తునికి ఆకులకు పురుగు పడుతుంది. జామాయిల్ ఆకును మేక కూడా ముట్టదు. పైగా నాలుగైదేళ్లకోసారి కాగితం మిల్లుకు కొట్టేస్తారు. ఇక చెట్టు ముదిరి తొర్ర పడేదెప్పుడు, పాలపిట్ట గుడ్లు పెట్టేదెప్పుడు?

ఇప్పచెట్టును చేలో నిలుపుకుని పోడు చేసుకునే గిరిజన రైతు మీద అడవి నరికాడని కేసు. అదే నేలను యంత్రాలతో దున్ని వరసగా జామాయిల్ నాటితే వనీకరణ! 2005 డిసెంబర్ 13కు ముందు నుంచి సాగులో ఉన్నవారికి పట్టా ఇవ్వాలని 2006 అటవీ హక్కుల చట్టం చెబుతుంటే, ఆ భూముల్లోనే మొక్కలు నాటడానికి పోలీసులతో వస్తున్నారు.

పిట్ట తగ్గితే నష్టం అడవిలోనే ఆగదు. శనగ చేలో పచ్చపురుగును తినడానికి పక్షులు వాలాలని కర్రలు పాతమనేది వ్యవసాయశాఖే. వాలే పిట్ట లేనప్పుడు ఉత్త కర్ర ఏం చేస్తుంది? లాభం మందుల దుకాణానికే.

తోటల విస్తీర్ణాన్ని అడవి లెక్క నుంచి విడదీసి ఊరి వారీగా ప్రకటించాలి. గ్రామసభ తీర్మానం లేకుండా అటవీ భూమిలో జామాయిల్ నాటకూడదు. నాటితే స్థానిక జాతులే నాటాలి. ఈ మూడింటినీ వచ్చే మండల సభల్లో తీర్మానాలుగా పెట్టండి. తీర్మానం ప్రతిని తహశీల్దారుకు, అటవీ రేంజి అధికారికి ఇచ్చి రసీదు తీసుకోవడం మరవకండి.