పెరటి కోళ్లు: టానిక్కు పోశాం సరే, మేత సంచి చూశామా?

మా పక్కింటి వదినగారు పెరట్లో యాభై బ్రాయిలర్ పిల్లల్ని వేశారు. మూడో వారంలో ఐదారు పిల్లలు నిలబడలేక మోకాళ్ల మీద దేకడం మొదలెట్టాయి. కాలి వేళ్లు లోపలికి ముడుచుకుపోయాయి. ఇది బి2 విటమిన్ లోపం. వదినగారు విటమిన్ మందు తెచ్చి నీళ్లలో కలిపారు. వెంటనే పట్టినవి లేచి తిరిగాయి. ఆలస్యమైతే మాత్రం నరాలు చెడి ఆ కాళ్లు మళ్లీ రావు. అన్నట్టు, ఆ సీసాని కిటికీలో పెట్టకండి, వెలుతురు తగిలితే బి2 పాడైపోతుంది.

కానీ మిగతా పిల్లలు కూడా మేత మానేసి, ఈకలు రేగిపోయి, ఒక్కొక్కటే చచ్చిపోసాగాయి. పశువుల డాక్టరుగారు ఒకదాన్ని కోసి చూపించారు. కార్జం ఉబ్బి, పసుపుపచ్చగా పాలిపోయి ఉంది. ఆయన అడిగిన మొదటి మాట, "మేత ఎక్కడ పెట్టారమ్మా?"

వానజల్లు కొట్టే గోడవారన, నేలమీదే పెట్టారు! అందులోని వేరుశనగ చెక్క గడ్డకట్టి బూజు పట్టింది. పారెయ్యడానికి మనసొప్పక ఎండబెట్టి, దులిపి వేశారట. ఎవరికి మాత్రం ఒప్పుతుంది చెప్పండి! కానీ బూజు పోయినా, అది వదిలిన అఫ్లాటాక్సిన్ అనే విషం ఎండకీ, పొయ్యిమీద వేడికీ లొంగదు. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు చచ్చిపోయింది ఇలాంటి వేరుశనగ చెక్క వల్లనే.

కార్జం కోడికి కొట్టుగది లాంటిది. ఎ విటమిన్‌ని దాచేది అదే. ఎ, డి, ఇ, కె విటమిన్లు ఒంటబట్టడానికి కావలసిన పైత్యరసం తయారుచేసేదీ అదే. కొట్టే కూలిపోతే ఎన్ని టానిక్కులు పోసి ఏం లాభం?

అలాగని పచ్చని కార్జం కనిపించిన ప్రతిసారీ బూజునే అనుమానించక్కర్లేదు. కోలిన్, బయోటిన్ తక్కువైనా అక్కడ కొవ్వు పేరుకుంటుంది. అప్పుడే గుడ్డులోంచి వచ్చిన పిల్లకైతే పచ్చసొన వల్ల ఆ రంగు సహజమే.

వదినగారు కొత్త మేత తెప్పించి, చెక్కబల్ల మీద, గోడకి జానెడు ఎడంగా పెట్టించారు. పాత సంచి గేదెకి పెడదామన్నారు. నేనే అడ్డుపడ్డాను, ఆ విషం పాలల్లోకీ దిగుతుంది మరి. సాయంత్రానికి గొయ్యి తీయించి పూడ్పించేశాం.