పొగబండి మోజు

తెనాలి సందుల్లో పొగబండి తిరిగితే దోమల పని అయిపోయిందనుకుంటాం. ఆ పొగ తగిలేది ఎగిరే దోమలకే. నీళ్లలోని లార్వాలకు చీమ కుట్టినట్టయినా ఉండదు. మురుగుకాలువ మీద కోపం న్యాయమే, కానీ మలేరియా మోసే అనాఫిలిస్‌కు ఇష్టం తేట నీరు: బాపట్ల మేడల మీద మూతలేని ట్యాంకు, రేపల్లె వైపు పారుదల ఆగిన పంటకాలువ. 1897లో సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ మలేరియా క్రిమిని కనిపెట్టింది ఇలాంటి దోమ కడుపులోనే. 1960ల్లో దేశంలో కేసులు లక్షకు దిగాయని ఏమరుపాటుగా ఉన్నాం. 1976కల్లా 64 లక్షలయ్యాయి. మలేరియా మన్యం జబ్బంటూ పాడేరు వైపు వేలు చూపడం నాకు మింగుడుపడదు. పొగకు పోసే డబ్బులో సగమైనా (వీధంతా కనిపించే పొగంటేనే నాయకులకు ముద్దు, ఏం చేస్తాం!) లార్వాలు తినే గంబూసియా చేపలకూ, ట్యాంకు మూతల తనిఖీకీ మళ్లించాలి, అదీ వానలు పడకముందే.